ఎడారి తీరమున గుడ్డరెక్కలు

ఉత్తర అమెరికాలో మంచు కురియు నెలలందు పారామోటారు నడుపువారి మనసు దక్షిణదిక్కునకు మళ్లును. వీపున ఇంజను, తలపైన గుడ్డరెక్క ధరించి గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో కూర్చుండువానికి వ్రేళ్లు కొయ్యబారినచో త్రాళ్లు వశమున నుండవు. కనుకనే పలువురు కాలిఫోర్నియా ఎడారిలోని సాల్టన్ సముద్రతీరమున గుమిగూడుచుందురు. పేరునకు సముద్రమే గాని, 1905లో కొలరాడో నది కాలువగండి గుండా పొంగివచ్చి నింపిన ఉప్పుచెరువది. సముద్రమట్టమునకు సుమారు 70 మీటర్ల దిగువ నుండుటచే గాలి చిక్కన. రెక్క సులువుగ లేచును. వేసవిలో కాగిన నేలపై గాలి కల్లోలమగును. శీతకాలపు ఉదయములు ప్రశాంతములు.

ఈ కూటములను వట్టి వినోదములని తీసివేయుట తగదు. అమెరికాలో 1982 నాటి నిబంధన ననుసరించి, 254 పౌనుల లోపు బరువుగల ఒంటిమనిషి యంత్రమునకు లైసెన్సు అక్కరలేదు. సర్కారు పరీక్షింపనిచోట తోటివాని కన్నే పరీక్ష. చిరిగిన గుడ్డను, వదులైన మరను అనుభవజ్ఞుడు చూచి చెప్పును. ఆ మాట ఇంటివద్ద చెప్పువారుండరు.

అయితే గుంపునకు వేరొక గుణమును గలదు. ఒంటరియైనచో గాలిపోకడ చూచి రెక్క మడిచికొనెడివాడు, నలుగురు లేచుట చూచి తానును లేచును. నీటిపై కాళ్లు రాచుచు పోవువానికి ఒడ్డున చప్పట్లు! ఇంజను బరువుతో, పట్టీల బిగింపుతో నీట పడినవాడు గజఈతగాడైనను బయటపడుట దుర్లభము. చప్పట్లు కొట్టినవారికి ఇందులో పాలు లేదనుట ఎట్లు? నీటిమీదికి పోదలచినవాడు, పడిన వెంటనే ఉబ్బి తేల్చు సంచిని ఇంజను చట్రమునకు కట్టుకొనవలెను. అది లేనివాడు తీరము దాటరాదు. ఈ కట్టడి విధింపవలసినది ప్రభుత్వము కాదు. కూటము కూర్చినవారే, తొలి ఉదయమున, ఎవరును లేవక మునుపే.