వార్ధక్యంలో అరికాళ్ళ మంటలు

గత సంచికలో రక్తపుపోటును గురించి వ్రాసిన పిమ్మట మాకు అందిన జాబులలో ఎక్కువ భాగం పాదాలను గురించినవే. వానిలో ఒకటి కిరందూల్ గనిలో చిరకాలం షవెల్ నడిపి విశ్రాంతి తీసికొంటున్న ఒక పెద్దాయన వ్రాసినది. పగలు పనిలో పడితే మరచిపోవచ్చునట. రాత్రి పడుకొనగానే అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్లు మండేవట. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేకపోయేవారట. జాబు చివర ఒక వాక్యం కలదు: “ఈ మధ్య మంట దానంతట అదే తగ్గినది, కనుక మాత్రలు మానివేసితిని.” మమ్మల్ని కలవరపెట్టినది ఆ చివరి వాక్యమే.

మన శరీరంలో నరాలన్నింటిలోను పొడుగైనవి నడుము నుండి కాలివేళ్ళ కొసలకు పోయేవి. ఇంచుమించు ఒక మీటరు పొడవు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉన్నచో మొదట చెడేవి ఇవే. అందుచేతనే బాధ రెండు పాదాల వ్రేళ్ళలోను ఒక్కమారే మొదలై, మేజోడు తొడిగినట్లుగా పైకి ప్రాకుతుంది. చెడుతున్న నరం ఊరకుండదు. ఏమీ లేకున్నను మంట అనీ, సూదులు గ్రుచ్చినట్లనీ, చీమలు ప్రాకినట్లనీ మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. అదే నరం పూర్తిగా చచ్చిపోయిన నాడు ఏ కబురూ ఉండదు. మంట తగ్గుట రెండు విధాలు: ఒకటి నరం కుదుటపడుట, రెండవది నరం మూగపోవుట. ఏది జరిగినదో రోగికి తెలియదు. వైద్యుడు సన్నని నైలాను తీగను అరికాలికి ఆనించి, కన్నులు మూసికొని చెప్పమన్నప్పుడు తెలుస్తుంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఆ తీగ స్పర్శ తెలియనిచో ఆ పాదానికి కావలి పోయినట్లే.

ఈ సంగతిని లోకానికి తేటతెల్లం చేసినవారిలో ఒకరు మన దక్షిణదేశంలో పనిచేసిన వైద్యులే. 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946 నుండి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసేవారు. రోగుల వ్రేళ్ళు రాలిపోవుటకు వ్యాధి మాంసాన్ని తినివేయుట కారణం కాదనీ, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగులుటయే కారణమనీ ఆయన నిరూపించారు. తరువాత 1966లో అమెరికా వెళ్ళి, అదే పాఠాన్ని మధుమేహ రోగుల పాదాలకు వర్తింపజేశారు. మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు అట్టతో కుట్టిన ‘ఎం.సి.ఆర్. చెప్పులు’ కుష్ఠు ఆసుపత్రుల నుండే నేడు షుగరు రోగుల పాదాలకు వచ్చినవి.

కుష్ఠు ప్రసక్తి బస్తరు వాసులకు ఊరక చెప్పుట లేదు. 2005 డిసెంబరు నాటికి పదివేల మందికి ఒక రోగి కంటె తక్కువ అన్న గీత దిగువకు దేశం మొత్తం మీద వ్యాధి చేరినట్లు ప్రకటించినప్పుడు ఛత్తీస్‌గఢ్ ఆ గీతకు పైననే ఉండిపోయినది. కనుక పాదం తిమ్మిరితో పాటు ఒంటిపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నచో సిగ్గుపడక చూపించుకొనవలెను. మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. మద్యం మరొక కారణం. ఇప్పసారా అయినను, సీసా సరకు అయినను నరానికి తేడా లేదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ళ తరబడి వాడేవారిలో బి-12 విటమిను తగ్గవచ్చును. శాకాహారులలో ఇది మరింత సులభం. ఒక రక్త పరీక్షతో తేలిపోయే విషయం, సూదిమందుతో సరిదిద్దగలిగే విషయం. అట్లని ‘నరాల బలానికి’ అని దుకాణంలో చేతికిచ్చే మాత్రలను ఏళ్ళ కొలది మ్రింగరాదు. వానిలోని బి-6 మోతాదు మించినచో అదే నరాలను చెరుపుతుంది!

మంటకు మందులు లేకపోలేదు. ఒంటినొప్పుల మాత్రలు దీనికి పనిచేయవు, పైగా మూత్రపిండాలకు చేటు. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, ప్రిగాబలిన్ వంటివి వైద్యుడు తక్కువ మోతాదులో ఆరంభించి పెంచుతారు. వాని వలన మత్తు, తల తిరుగుట కలుగవచ్చును. రాత్రి మూత్రానికి లేచి పడిపోయిన పెద్దలు ఉన్నారు కనుక మంచం ప్రక్కన దీపం ఉంచుకొనవలెను. ప్రోస్టేటు బాధ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. మిరపలోని కారపు పదార్థంతో చేసిన లేపనం కూడ కలదు. గుంటూరు కారం నూరి పూసికొనవచ్చునా అని ఒకరు అడిగారు. కూడదు.

ఇక మాకు ముఖ్యమనిపించినది చెప్పెదము. గనిలో ఉన్నన్నాళ్ళు సేఫ్టీ షూ లేనిదే గేటు దాటనివ్వరు. ఉద్యోగ విరమణ మరునాటి నుండి అదే పాదానికి అరిగిన హవాయి చెప్పు, లేదా ఏమీ లేదు. పాదానికి రక్షణ ఎక్కువ కావలసిన వయసు అప్పుడే మొదలగుచున్నది. నవరాత్రులలో దంతేశ్వరి అమ్మవారి దర్శనానికి వట్టి కాళ్ళతో తారు రోడ్డుపై నడిచి వెళ్ళు భక్తులను మనమందరము చూచుచున్నాము. స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినను తెలియదు. అమ్మవారు అలుగదు, వాహనంలో వెళ్ళవచ్చును. బైలడిల్లా కొండల చలికి కుంపటి దగ్గర కాళ్ళు చాచుట, వేడినీళ్ళ సంచి పెట్టుకొనుట ఇంకొక ప్రమాదం. నీటి వేడిని పాదంతో కాక మోచేతితో చూడవలెను. ఆనెకాయను బ్లేడుతో కోయుట, ఆసిడు పట్టీ అంటించుట కూడదు. చెప్పు తొడుగుకొనే ముందు దులపవలెను. ప్రతి రాత్రి పాదాలు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాలు చూచుకొనవలెను. వంగలేనివారు నేలపై అద్దం పెట్టుకొనవచ్చును, చూపు ఆననివారికి మనుమలు చూడవచ్చును. చిన్న పుండయినను ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఒక్క కాలికే హఠాత్తుగా నొప్పి వచ్చినా, పాదం చల్లబడి రంగు మారినా అది వేరు జబ్బు. గంట కూడ ఆగరాదు.

జాబు వ్రాసిన పెద్దాయనకు మేము వెంటనే బదులు వ్రాసితిమి. ఆయన వెళ్ళి చూపించుకొన్నారు. ఎడమ బొటనవ్రేలి క్రింద గట్టిపడిన ఆనెకాయను వైద్యులు తొలగించగా లోపల చీము కనిపించినది. ఎముకకు చేరలేదు. కొన్ని వారాలు మంచం పట్టి, కట్టు కట్టించుకొని, ఇప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులు వేసికొని మార్కెటుకు వస్తున్నారు. మంట కొంత తిరిగి వచ్చినదట. దానికి మాత్రలు కూడ మొదలుపెట్టినారు. నేలపై పెట్టుటకు కొత్త అద్దం కొనలేదనీ, గోడకున్న దానినే దింపితిననీ, అందుకు ఇంటావిడ అలిగినదనీ క్రిందటి వారం వ్రాసినారు.