ఫొటో కింద ఇద్దరి పేర్లు

ఈ సంచిక ముఖచిత్రం మా అమ్మాయి తీసింది. 2024 జనవరిలో హైదరాబాదు బేగంపేట విమానాశ్రయంలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో, వాయుసేన సారంగ్ బృందం ధ్రువ్ హెలికాప్టర్లు ఎగురుతున్నప్పటిది. సంపాదకుడి ఇంటి ఫొటో అట్ట మీద ఎందుకని మీరు అడగవచ్చు. ఫొటో బాగుంది. దాని వెనకున్న సంగతి మనందరి ఇళ్లదీ.

మన చంద్రపూర్ దగ్గర దుర్గాపూర్ గని కాలనీల్లో, ఊర్జానగర్ థర్మల్ క్వార్టర్లలో పెరిగిన మన పిల్లలు పన్నెండో తరగతి కాగానే నాగపూర్, పుణె, హైదరాబాదు వెళ్లిపోతున్నారు. పండక్కి వస్తారు. తిన్నావా, ఉద్యోగం ఎట్లుంది, పెళ్లి సంగతేంది అని అడిగేస్తాం. ఆ తర్వాత ఎవరి ఫోను వారిది. ప్రేమ తగ్గి కాదు, ఇద్దరూ కలిసి చేసే పని లేక. మా ఇంట్లో ఆ లోటు కెమెరా తీర్చింది.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా, ఈ ప్రదర్శనకు బేగంపేట మళ్లీ నిండుతుంది. 2024లో ఎయిర్ ఇండియా కొత్త ఎ350, బోయింగ్ 777-9 నేల మీద నిలిపి ఉంచారు. జనమంతా వాటి చుట్టూ. మేం మాత్రం సారంగ్ కోసం కాచుకున్నాం. నెమళ్ల బొమ్మలు వేసిన ఆ హెలికాప్టర్లు దగ్గరికి రాగానే "బాపూ, షట్టర్ తగ్గించు" అంది మా అమ్మాయి. సెకనులో వెయ్యో వంతు పెడితే పైరెక్క బిగుసుకుపోయి, హెలికాప్టర్‌ను దారం కట్టి వేలాడదీసినట్టు ఉంటుంది. 125వ వంతుకు దించితే రెక్క తిరుగుడు చారగా పడుతుంది. అయితే ఆ నెమ్మది షట్టర్‌కు చెయ్యి అదరకూడదు, హెలికాప్టర్ వేగంతోనే కెమెరా కూడా తిరగాలి. తిరిగే పైరెక్క లేని జెట్‌కు ఈ చిక్కు లేదు, షట్టర్ ఎంత వేగమైనా పెట్టుకోవచ్చు.

నాది 36 ఫ్రేముల ఫిల్ము కాలపు అలవాటు, చూసి చూసి ఒక్కటి నొక్కుతాను. తను వరసగా తీస్తూ పోతుంది. అసలు ముచ్చట రాత్రి సికింద్రాబాదులో చుట్టాలింట్లో జరిగింది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? నాకు రెక్క చార ముఖ్యం, తనకు పొగ గీత. చాలాసేపు వాదించుకున్నాం. ఆ మాటల మధ్యనే తన ఆఫీసు, కొత్త స్నేహాలు, ఉద్యోగం మారాలన్న ఆలోచన, నేను అడగకుండానే బయటికొచ్చాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అవి.

తండ్రీ పిల్లలు కలిసి కెమెరా పట్టడం కొత్తేం కాదు. అదే సికింద్రాబాదులో 1886లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఎదిగి ఆయన వృత్తిలోనే చేరారు. ఆ సంస్థ 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్' అయింది. తండ్రి పేరు పక్కన పిల్లలకూ చోటిచ్చిన ఆ పద్ధతి నాకెంతో ఇష్టం.

ఇలా పిల్లలతో కలిసి ఫొటోలు తీయడానికి మన దగ్గరా చోట్లకు కొదవ లేదు. తాడోబా మోహర్లీ గేటు దూరమేం కాదు, ఇరయీ డ్యామ్ మీద పక్షులున్నాయి. మోర్వా ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ, ప్రభుత్వ విమానాశ్రయంలో అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. ముందు అడగండి, కాదంటే తిరిగి రండి. సైనిక స్థావరాల జోలికి వెళ్లనే వద్దు. చలికాలం పొద్దున మంచూ థర్మల్ పొగా కలిసి ఆకాశాన్ని మసకగా మారుస్తాయి, ఎండ ఎక్కాకే బయల్దేరండి.

వచ్చే సంచికలో నాలుగు పేజీలు ఇలాంటి ఫొటోలకే కేటాయిస్తున్నాం. సెలవులకు ఇంటికొచ్చిన మీ కొడుకుతోనో కూతురితోనో వెళ్లి తీసినవి పంపండి. ఫోనుతో తీసినా ఫరవాలేదు. ఫొటో కింద ఇద్దరి పేర్లూ రాయండి, ఇద్దరివీ అచ్చు వేస్తాం.