హరిత భవనాలు: సరుకు వర్తకులు చూడవలసిన లెక్క

సిమెంటు, ఇనుము, ఇసుక వర్తకులలో "హరిత భవనం" అనే మాట వినగానే నవ్వి ఊరుకునేవారే ఎక్కువ. బ్రోచరులో నాలుగు చెట్ల బొమ్మలు, గోడ మీద ఒక సర్టిఫికెట్టు, చదరపు అడుగుకు కొంత అదనపు ధర, ఇంతకు మించి అందులో ఏముందని వారి ప్రశ్న. ఈ అనుమానం నిరాధారమేమీ కాదు. అయితే ఒక నిర్మాణ సంస్థ మాట వరసకు చెబుతున్నదా, నిజంగా చేస్తున్నదా తేల్చుకోవాలంటే చూడవలసింది బ్రోచరును కాదు, దాని కొనుగోళ్ల చిట్టాను. అక్కడ మార్పు వచ్చిందంటే అది మార్కెట్టులో సరుకు మీద పడి తీరుతుంది.

ఇందుకు సింగపూర్‌లోని సిటీ డెవలప్‌మెంట్స్ సంస్థ ఉదాహరణ పరిశీలించదగినది. 1963లో ఏర్పడి, ఆ తర్వాత హాంగ్ లియాంగ్ గ్రూపు ఆధీనంలోకి వచ్చిన ఈ సంస్థలో 1995లో మేనేజింగ్ డైరెక్టరు క్వెక్ లెంగ్ జూ "కడుతూనే కాపాడుదాం" అని అర్థం వచ్చే విధానాన్ని ప్రవేశపెట్టారు. అప్పటికి అక్కడ ఇందుకు నిర్బంధమూ లేదు, అడిగే కొనుగోలుదారూ లేడు. గ్రీన్ మార్క్ అనే ప్రభుత్వ ధ్రువీకరణ పథకం వచ్చింది 2005లో. కొత్త కట్టడాలకు కనీస ప్రమాణాలు తప్పనిసరి అయింది 2008లో. అంటే చట్టం కంటే పదేళ్లకు పైగా ముందుగా సంస్థ కదిలిందన్న మాట.

ఆ పదేళ్లలో జరిగిన పని ఏమంత ఆకర్షణీయమైనది కాదు. ఏ బిల్డరైనా తానే తాపీ పట్టి గోడ కట్టడు, కట్టేది కాంట్రాక్టరు. కనుక సంస్థ ముందుగా కాంట్రాక్టరు మీదనే దృష్టి పెట్టింది. 2001 నుంచి స్వతంత్ర తనిఖీదారులను సైట్లకు పంపి, భద్రత, ఆరోగ్యం, పర్యావరణం విషయాలలో మార్కులు వేయించడం మొదలుపెట్టింది. కొత్త నిర్మాణాల వ్యయంలో 2 నుంచి 5 శాతం వరకు హరిత డిజైనుకు కేటాయించడం కూడా అలవాటు చేసుకుంది. ఈ కేటాయింపు ముఖ్యమైనది. లాభం వచ్చిన ఏడాది ఇచ్చే విరాళం మందీ వస్తే ఆగిపోతుంది. ఎస్టిమేటులోనే ఒక పద్దుగా చేరిన ఖర్చు అంత తేలికగా తొలగదు. వర్తకులకు ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

2007లో ఇసుక దెబ్బ తగిలింది. ఆ ఏడాది జనవరిలో ఇండోనేషియా నిర్మాణ ఇసుక ఎగుమతిని నిషేధిస్తున్నట్లు ప్రకటించి, ఫిబ్రవరి నుంచి అమలు చేసింది. అప్పటివరకు టన్ను సుమారు 20 సింగపూర్ డాలర్లు పలికిన ఇసుక కొద్ది కాలంలోనే 60కి ఎగబాకింది. వెనువెంటనే కంకర పడవలకూ అడ్డంకులు ఎదురయ్యాయి. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో ఇంచుమించు 700 కిలోల ఇసుక, అంతకు మించి కంకర పడతాయి. ఇసుక అందకపోతే గోదాములో ఎన్ని సిమెంటు బస్తాలున్నా సైటు కదలదు, ఇనుప కడ్డీలూ కదలవు. పాత ధరకు పని ఒప్పుకున్న కాంట్రాక్టర్లు ఇరుకున పడ్డారు. ప్రభుత్వం తన నిల్వలను విడుదల చేసింది, సర్కారు పనులలో పెరిగిన ధరలో ఎక్కువ భాగాన్ని భరించింది. ఆ తర్వాత కూడా సరఫరాకు స్థిరత్వం రాలేదు. 2017లో కంబోడియా ఇసుక ఎగుమతిని ఆపివేసింది, 2018లో మలేషియా సముద్రపు ఇసుకపై నిషేధం విధించింది.

ఆ దెబ్బ అందరి మీదా పడింది. కాని తక్కువ కాంక్రీటుతో కట్టడం, పాత కట్టడాల కాంక్రీటును పిండిచేసి కంకరగా తిరిగి వాడటం అనేవి అంతవరకు ఆదర్శాలుగా ఉండి, ఆ రోజు నుంచి ధరవరల వ్యవహారంగా మారాయి. తీరా చూస్తే, సరుకు పొదుపు నేర్చినవాడికి అది తేజీ మీద తీసుకున్న బీమా వంటిది. సిటీ డెవలప్‌మెంట్స్ తర్వాతి కాలంలో కట్టిన 638 ఫ్లాట్ల బ్రౌన్‌స్టోన్ సముదాయంలో గదులకు గదులే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి సైటులో పేర్చారు. ఫ్యాక్టరీలో అచ్చు పోసిన గదికి సరుకు కొలతగా పడుతుంది. సైటులో వృథా అయ్యే ఇసుక, సెంట్రింగుకు పట్టే కలప ఆ మేరకు తగ్గుతాయి.

తర్వాత అప్పిచ్చేవారి వంతు వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఈ సంస్థ తాలూకు కంపెనీ 10 కోట్ల సింగపూర్ డాలర్ల హరిత బాండ్లను రెండేళ్ల గడువుతో, 1.98 శాతం వడ్డీకి జారీ చేసింది. ఒక సింగపూర్ కంపెనీ ఇటువంటి బాండ్లు జారీ చేయడం అదే మొదటిసారి. వడ్డీలో ఎంత కలిసి వచ్చిందన్నది వాదనకు వదిలిపెట్టవచ్చు. సొమ్ము ఇచ్చేవాడు కరెంటు ఖర్చు, నీటి ఖర్చు అడిగి తెలుసుకోవడం మొదలైందన్నదే ఇందులో అసలు విశేషం. అడిగిన లెక్కలు సిద్ధంగా ఉండటానికి కారణం 2008 నుంచీ సంస్థ ఈ విషయమై వార్షిక నివేదికలు రాస్తూ ఉండటమే.

ఇంత చెప్పినా ఈ సంస్థను ఆకాశానికి ఎత్తనక్కరలేదు. చైనాలోని సిన్సియర్ ప్రాపర్టీలో పెట్టిన పెట్టుబడి దెబ్బతిని, 2020లో అది 192 కోట్ల సింగపూర్ డాలర్ల నష్టం చూపింది. హరిత అవార్డులు ఎన్ని ఉన్నా, తప్పు బేరం తప్పు బేరమే. మరొక తమాషా ఏమంటే, ఇదే గ్రూపులోని హాంగ్ లియాంగ్ ఏషియా కాంక్రీటు అమ్మే కంపెనీ. ఒక చేయి కాంక్రీటు పొదుపు చేస్తుంటే మరొక చేయి అమ్ముతున్నది! వర్తక దృష్టితో చూస్తే ఇందులో వైరుధ్యం కంటే తెలివే ఎక్కువగా కనిపిస్తుంది. కొనేవాడి మనసు ఎటు మారుతున్నదో అమ్మేవాడికి ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఇక్కడి వర్తకులకు ఆ సౌకర్యం లేదు. ఇసుక ఆగితే ఏమవుతుందో మాత్రం వారికి సింగపూర్ చెప్పనక్కరలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక విధానం మారుతున్న సమయానికే కృష్ణా, గోదావరి వరదలు రావడంతో నెలల తరబడి పనులు నిలిచి, తాపీ మేస్త్రీలు, కూలీలు ఖాళీగా కూర్చున్నారు. సిమెంటు డీలర్లకు అరువు వసూలు కాలేదు. 2024 జూలైలో ఉచిత ఇసుక విధానం మళ్లీ వచ్చింది. కాని ధర సర్కారు ఉత్తర్వు మీద ఆధారపడినంత కాలం, నదిలో నీటి మీద ఆధారపడినంత కాలం, తెలివైన బిల్డరు రాతి ఇసుక వైపే చూస్తాడు.

ఇటుక విషయమూ అంతే. థర్మల్ కేంద్రాల బూడిదను సమీప ప్రాంతపు ఇటుకలకు వాడాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత దాని పరిధిని విస్తరిస్తూ వచ్చింది. రామగుండం, విజయవాడ, సింహాద్రి బూడిద ఉన్నచోట మట్టి ఇటుక బట్టీలకు గిరాకీ నిలబడుతుందనుకోవడం దురాశ. బూడిద కలిసిన పీపీసీ సిమెంటులో దాని వాటా 35 శాతం వరకు, స్లాగ్ సిమెంటులో స్లాగ్ 70 శాతం వరకు ఉండవచ్చునని ప్రమాణాలు చెబుతున్నాయి. "ఓపీసీయే గట్టిది" అనే పాత మాటతో ఎక్కువ ధర రాబట్టే డీలరుకు ఇది మింగుడుపడని విషయం. 2025 అక్టోబరులో సిమెంటు పరిశ్రమకు కేంద్రం ఉద్గారాల లక్ష్యాలు నిర్ణయించినందువల్ల, మిల్లులే ఇక మిశ్రమ సిమెంటును ముందుకు తోస్తాయి.

హైదరాబాద్‌లోని సీఐఐ హరిత భవనాన్ని 2004లో రాష్ట్రపతి కలాం ప్రారంభించిన నాటికి అది వింతగా చెప్పుకునే కట్టడం. నేడు నగరంలోని పెద్ద సైట్ల కొనుగోలు అధికారులు బూడిద శాతం, రీసైకిల్ సరుకు వాటా, రవాణా దూరం తెలిపే కాగితాలు కొటేషనుతో పాటే అడుగుతున్నారు. ఇవ్వలేని సరఫరాదారు ధర తగ్గించి బేరం నిలుపుకోవాలని చూస్తున్నాడు. ఆ తగ్గింపు కంటే మిల్లు నుంచి టెస్టు సర్టిఫికెట్టు తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కొత్త సరుకుకు ఆర్డరు పెట్టేటప్పుడే దానిని అడిగి పుచ్చుకోవచ్చు.