సంచుల కాపరి

తిరునాళ్ళకు గానీ, ఎగ్జిబిషనుకు గానీ, ఈ కాలపు థీమ్ పార్కులకు గానీ వెళ్ళే ప్రతి బృందంలోనూ సంచుల కాపరి ఒకడుంటాడు. మిగిలినవారంతా కళ్ళజోళ్ళు, గడియారాలు, ఫోనులు, పర్సులు అతని ఒడిలో పోసి కేరింతలు కొడుతూ వరుసలోకి వెళ్ళిపోతారు. అతడు ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని, తల పైకెత్తకుండా, నేల మీది చీమల బారును శ్రద్ధగా పరిశీలిస్తూ ఉంటాడు. “నువ్వు రావా?” అని ఎవరైనా అడిగితే “మరి సామాను ఎవరు చూస్తారు?” అంటాడు. ఆ జవాబు వెనుక ఎంత కథ ఉంటుందో నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ ఉద్యోగం నాదే.

ఈ ఉద్యోగానికి మనవాళ్ళు పెట్టిన పేరు పిరికితనం. ఆ పేరు తప్పని నా వాదం. తప్పెందుకంటే, అది ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు విషయాలను ఒకే మూటలో కట్టేస్తుంది. ఊగుడూ తిరుగుడూ ఒంటికి సరిపడకపోవడం ఒకటి, ఎత్తంటే భయం మరొకటి. రెండింటికీ మనం వాడే మాట ఒకటే కావడం కూడా ఈ గందరగోళానికి కొంత కారణమేమో. రంగులరాట్నం దిగినా కళ్ళు తిరుగుతాయి, మేడ మీది నుండి కిందికి తొంగి చూసినా కళ్ళు తిరుగుతాయి. ఏకాదశి ఉపవాసానికీ, బంగారం ధరకూ కూడా తిరిగేవి ఆ కళ్ళే.

అయితే సరైన మాట కూడా మన దగ్గరే ఉంది. “నాకు బస్సు పడదు” అంటాము. పాలు పడవు, వంకాయ పడదు, చన్నీళ్ళు పడవు అన్నట్టే. వంకాయ పడనివాడిని పిరికివాడని ఎవరూ అనరు కదా! ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నవాడితో “ధైర్యం చేసి ఇంకో రెండు ముక్కలు తిను, అదే పోతుంది” అని ఎవరూ అనరు. ఊగే పడవ పడనివాడితో మాత్రం సరిగ్గా ఆ మాటే అంటారు.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోనే వచ్చింది. అయినా మా మేనత్త ఎప్పుడు కొండకు వెళ్ళినా అలిపిరి నుండి మెట్లెక్కే వెళ్ళేది. 3550 మెట్లు. ఆవిడ భక్తికి ఇంటిల్లిపాదీ చేతులు జోడించేవాళ్ళం. డెబ్బయ్యో ఏడు దాటి, మోకాళ్ళు మొరాయించిన తరువాత ఒకనాడు నాకొక్కడికీ చెప్పింది. “మొక్కూ లేదు, పాడూ లేదురా. ఆ మలుపుల్లో బస్సు నాకు పడదు. నలుగురిలో డోక్కోవడం కన్నా మెట్లెక్కడమే మర్యాద అనిపించింది.” ఆవిడ కూడా మా తెగే. కాకపోతే నాకన్నా తెలివైనది.

ఈ పడకపోవడం ఎక్కడ పుడుతుంది? లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు నాళాలు మూడున్నాయి. వాటి నిండా ద్రవం. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనుకబడుతుంది, ఆ వెనుకబాటును బట్టి మెదడు తిరుగుడును గ్రహిస్తుంది. ఆ పక్కనే సన్నని సున్నపు రేణువుల సహాయంతో వాలునూ, వేగంలోని మార్పునూ పసిగట్టే ఏర్పాటు మరొకటి ఉంది. బస్సులో ముందు సీటు వీపును చూస్తున్న కళ్ళు “ఏమీ కదలడం లేదు” అంటాయి. చెవి “మలుపు తిరుగుతున్నాము” అంటుంది. వాదం తేలదు, శిక్ష మాత్రం కడుపుకు పడుతుంది. రాబోయే మలుపు ముందే తెలిసిన డ్రైవరుకు ఈ బాధ రాదు.

1882లో అమెరికా మనోవైజ్ఞానికుడు విలియం జేమ్స్ ఒక చిత్రమైన సంగతి ప్రచురించాడు. బధిరులను గిరగిరా తిప్పి చూస్తే వారిలో చాలామందికి తల తిరగనేలేదట. లోపలి చెవి పూర్తిగా పనిచేయనివారికి ఓడలో వికారం కూడా కలగదని ఆ తరువాతివారు తేల్చారు. అంటే వాంతి చేసుకున్నవాడి చెవి భేషుగ్గా ఉన్నట్టే లెక్క! ఇది తెలిసిన రోజున నేను పొందిన గర్వం అంతా ఇంతా కాదు.

వేగం పెరిగేకొద్దీ వికారం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సుమారు అయిదు సెకన్లకొకసారి లేచి పడే మంద్రమైన ఊగుడే మనిషిని అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తుందని నౌకాప్రయాణాల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. భీకరంగా కనిపించే రోలర్ కోస్టరు రెండు మూడు నిమిషాల్లో పని ముగించి, వికారం కూడుకునేలోపే దింపేస్తుంది. చిన్నపిల్లల ఆటలాగా అమాయకంగా కనిపించే ఆ కొలంబస్ పడవ ఉన్నదే, అది నెమ్మదిగా, తీరిగ్గా, పేగులన్నిటినీ పేరుపేరునా పలకరిస్తూ ఊపుతుంది. బయటినుండి చూసేవారికి మాత్రం దాన్ని ఎక్కనంటున్నవాడు వట్టి పిరికివాడు.

ఇక ఎత్తు సంగతి. దీని చిరునామా కడుపు కాదు, అరికాళ్ళు. జివ్వుమంటుంది చూడండి, అదీ. దీన్ని భయం అనడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ భయానికి కూడా శరీరంలో వేరుంది. మనం నిటారుగా నిలబడినప్పుడు తెలియకుండానే అటూ ఇటూ కొద్దిగా ఊగుతూ ఉంటాము. దగ్గరలోని గోడనో చెట్టునో కొలతగా పెట్టుకుని కళ్ళు ఆ ఊగుడును సరిదిద్దుతూ ఉంటాయి. ఎత్తు మీద నిలిచినప్పుడు దగ్గరలో కొలతకు వస్తువే ఉండదు. ఊగుడు పెరుగుతుంది, గుండె ఝల్లుమంటుంది. పిట్టగోడ మీద వేలు ఆనిస్తే చాలు, చాలా వరకు కుదుటపడుతుంది. కాబట్టి చువ్వ పట్టుకున్నవాడిని చూసి నవ్వవలసిన పని లేదు.

అమెరికాలో ఎలియనార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే శాస్త్రవేత్తలు పాకే వయసు పిల్లలతో చేసిన ప్రయోగమొకటి 1960లో ప్రచురితమైంది. బల్ల మీద దళసరి అద్దం పరిచారు. ఒక సగంలో అద్దం కిందనే గళ్ళగుడ్డ ఆనుకుని ఉంటుంది. రెండో సగంలో ఆ గుడ్డ చాలా కిందికి, నేల మీద ఉంటుంది. చూసే కంటికి అది లోయ. తల్లులు రెండు వైపుల నుండీ పిల్లలను పిలిచారు. కదిలిన 27 మందీ మొదటి సగం మీదుగా తల్లి దగ్గరకు పాకారు. లోయ మీదికి పాకినవారు ముగ్గురే. కొందరు చేత్తో అద్దాన్ని తట్టి, గట్టిగానే ఉన్నదని తెలుసుకుని కూడా కదలలేదు. అవతల కన్నతల్లి “రా, ఏమీ కాదు, రా” అని పిలుస్తూనే ఉంది. దీన్ని భయమనాలో వివేకమనాలో గానీ, పిరికితనమని మాత్రం నేననలేను.

ఈ రెండూ వేరువేరని నాకు నచ్చజెప్పినవాడు ఏ వైద్యుడూ కాదు, జర్మన్ మహాకవి గోథే. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో స్ట్రాస్‌బర్గులో న్యాయశాస్త్రం చదువుతుండగా తనకు ఎత్తులంటే తల తిరిగే బలహీనత ఉన్నదని అతనికి తెలుసు. ఆ ఊరి పెద్ద చర్చి శిఖరం ఎత్తు 142 మీటర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అదే. అతడు ఒంటరిగా కొన దాకా ఎక్కి, శిఖరపు మెడ భాగంలో పావుగంట సేపు గుండె చిక్కబట్టుకుని కూర్చుని, ఆ తరువాత పట్టుకోవడానికి సరైన ఆధారం లేని ఒక చిన్న పలక మీదికి అడుగుపెట్టేవాడు. ఏమీ అనిపించని స్థితి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ ఎక్కానని ఆత్మకథలో రాసుకున్నాడు.

అదే గోథే 1787 మార్చి చివర నేపుల్సు నుండి సిసిలీకి ఓడ ఎక్కాడు. అంత మొండిమనిషీ ఇక్కడ కెరటాలతో పంతానికి పోలేదు. గదిలోకి పోయి, వెల్లకిలా పడుకుని, రొట్టె, ద్రాక్షసారాయం మాత్రం పుచ్చుకుంటూ, తాను రాయదలచిన నాటకాన్ని మనసులో దిద్దుకుంటూ గడిపాడు. తిరుగు ప్రయాణంలో కాప్రి ద్వీపం దగ్గర ఓడ రాళ్ళవైపు కొట్టుకుపోతుంటే హాహాకారాలు చేస్తున్న తోటివారికి ధైర్యం చెప్పినవాడూ అతడే. ధైర్యానికి లోటేమీ లేదు. అయినా కడుపు ఆ ధైర్యాన్ని లెక్కచేయలేదు.

భయం అలవాటుతో, మెల్లగా, దారికి వస్తుంది. చెవికీ కంటికీ మధ్య తగవు మాత్రం ధైర్యంతో తీరదు. నావికులకు కూడా సముద్రం అలవాటు పడడానికి రోజులు పడుతుంది. మూడు నిమిషాల ఆటలో ఆ అలవాటు ఎక్కడి నుండి వస్తుంది?

ఇంత చదువుకున్నది ముందు కాదు, తరువాత. కొన్నేళ్ళ క్రితం వేసవిలో బంధువులందరం కలిసి ఒక పెద్ద థీమ్ పార్కుకు వెళ్ళాము. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కొలంబస్ పడవ దగ్గర అది నా చెయ్యి పట్టుకుని “నేను ఎక్కను నాన్నా” అంది. చుట్టూ మా బావమరదులు, వాళ్ళ పిల్లలు. “అచ్చం బావగారి పోలికే” అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నేను చిన్నతనంలో విన్నమాటనే, అదే గొంతుతో అన్నాను: “ఏమీ కాదు. అందరూ ఎక్కడం లేదా? ఎక్కు.”

ఎక్కింది. అది కూర్చున్నది చిట్టచివరి వరుసలో. అన్నిటికన్నా పైకి లేచేది అదేనని నాకు అప్పుడు తెలియదు. పడవ ఆగాక మెట్ల మీదనే కడుపులో ఉన్నదంతా వెళ్ళబోసుకుంది. ముఖం కడిగి, గొడుగు నీడన కూర్చోబెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఒక్కటే అడిగింది: “మరి నువ్వెందుకు ఎక్కలేదు?”

సామాను ఎవరు చూస్తారు అన్న జవాబు ఆ రోజు నా నోట రాలేదు.

రెండేళ్ళ లోపు పసివాళ్ళకు ఈ వికారం దాదాపు రాదు. రెండు నుండి పన్నెండేళ్ళ మధ్యనే ఎక్కువగా పీడిస్తుంది. అంటే మనం పిల్లలను “ఎక్కు, ఎక్కు” అని తోసే వయసు, వాళ్ళ లోపలి చెవి అత్యంత చురుకుగా అభ్యంతరం చెప్పే వయసు ఒకటే. పిల్లవాడు ఎక్కనంటే ముందు అడగవలసింది “పడదా, భయమా?” అని. వాడు చెప్పగలడు. కడుపు మీద చెయ్యి వేస్తాడో, మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాడో చూసినా తెలుస్తుంది.

పడదంటే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో వీరత్వమేమీ లేదు. ఉపవాసమూ వద్దు, భుక్తాయాసమూ వద్దు, తేలికగా తినాలి. పడవలో నడిమి వరుస ఎంచుకోవాలి. తల వెనక్కి ఆనించి, అటూ ఇటూ తిప్పకుండా దూరంగా కదలనిదేదో చూడాలి. ఆటకూ ఆటకూ మధ్య విరామం ఉండాలి. గిరగిరా తిరిగేవాటిని చివరికి వాయిదా వేసి, వీలైతే మరిచిపోవాలి. ఆవలింతలు, చెమట, నోట్లో నీళ్ళూరడం మొదలైతే అదే ఆఖరి హెచ్చరిక. మా అమ్మ బస్సెక్కేముందు ఇచ్చే అవోమిన్ మాత్ర ప్రయాణానికి గంట ముందైనా పడాలి. వికారం మొదలయ్యాక మింగితే ఫలితం అంతంతమాత్రం. పైగా నిద్రమత్తు. పిల్లలకైతే వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వనేకూడదు. అల్లం కొందరికి పనిచేస్తుంది, నాకు పనిచేస్తుందని నమ్ముతాను. నిమ్మకాయ వాసన సంగతి మా మేనత్తను అడగాలి, ఆవిడ ఇప్పుడు లేదు.

భయమంటే మాత్రం గోథే దారి ఉంది. అయితే అందులో ఒక షరతు మరువరాదు. అతణ్ణి ఎవరూ తోయలేదు. ఎక్కే రోజూ, దిగే క్షణమూ అతడే నిర్ణయించుకున్నాడు. నేను జెయింట్ వీల్‌ను అలాగే సాధించాను. మొదట కింద నిలబడి అది ఎన్ని నిమిషాలు తిరుగుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో లెక్కపెట్టాను. తరువాత పిల్లల చిన్న చక్రం ఎక్కాను, నిర్వాహకుడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తరువాతే పెద్దది. 1893లో షికాగోలో ఫెర్రిస్ నిలిపిన తొలి మహాచక్రం 264 అడుగులు. మన ఎగ్జిబిషన్లలోనివి అందులో ఎన్నో వంతో గానీ, జనాన్ని ఎక్కించుకోవడానికి పైన ఆపినప్పుడు అరికాళ్ళకు ఆ లెక్కలేవీ పట్టవు. కొలంబస్ పడవను మాత్రం నేను సాధించలేదు, సాధించబోను. అది నాకు పడదు.

మొన్నటి జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషనుకు వెళ్ళాము. మా అమ్మాయి ఇప్పుడు నా భుజం దాటింది. జెయింట్ వీల్ ఎక్కుదామని అదే అంది. మా తొట్టె సరిగ్గా కొసన ఆగింది. కింద దీపాలు, ధూళి, బజ్జీల పొగ. ఇద్దరం చువ్వను పట్టుకుని ఉన్నాము.

“భయంగా ఉందా నాన్నా?”

“ఉంది.”

“నాకూ.”

దిగాక మేనల్లుళ్ళు కొలంబస్ పడవ వైపు పరుగెత్తారు, ఫోనులూ కళ్ళజోళ్ళూ మా ఒళ్ళో పడేసి. మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాము. అది సంచిలో నుండి అల్లం మురబ్బా తీసి, విరిచి, పెద్ద ముక్క తను ఉంచుకుని చిన్నది నాకిచ్చింది.