నర్సు చేతిలో స్కోరు, మన చేతిలో సమాచారం

ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో నర్సు బీపీ, టెంపరేచర్ చూసి నమోదు చేయగానే ఒక అంకె వస్తుంది. అదే న్యూస్-2 స్కోరు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన పద్ధతి ఇది. శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, బీపీ, నాడి, టెంపరేచర్, స్పృహ... ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. మొత్తం 5కు చేరితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి. 7కు చేరితే అత్యవసర బృందాన్ని పిలవాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇది వాడరు.

వార్డు నర్సుగా ఈ స్కోరు విలువ నాకు తెలుసు. అర్ధరాత్రి ఫోన్ చేసి "పేషెంట్ ఎందుకో బాగా లేరనిపిస్తోంది" అంటే డాక్టర్ తర్వాత చూద్దామనుకోవచ్చు. "స్కోరు 7" అంటే కదలక తప్పదు. జూనియర్ నర్సు మాటకు కూడా ఇది బలం ఇస్తుంది.

అయితే మన పెద్దవాళ్ల విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది మాట. మనిషి కొత్తగా తికమకపడుతుంటే, ఆ ఒక్కదానికే 3 మార్కులు పడతాయి, డాక్టర్ చూడాల్సిందే. కానీ ఇంగ్లిష్ రాని అమ్మమ్మ పొంతన లేకుండా మాట్లాడుతోందని తెలుగు రాని నర్సుకు ఎలా తెలుస్తుంది? భాష సమస్య అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. రెండోది ఆక్సిజన్ రీడింగ్. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. అప్పుడు స్కోరు తక్కువగా వస్తుంది.

అందుకే ఇంటివాళ్ల మాట ముఖ్యం. "నిన్నటిదాకా మనవళ్ల పేర్లు చెప్పింది, ఈరోజు నన్నే గుర్తుపట్టడం లేదు" అని స్పష్టంగా చెప్పండి. దాన్ని రికార్డులో రాయమని అడగండి. ఆస్పత్రి దుబాసీని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

చెప్పినా పట్టించుకోకపోతే మరో దారి ఉంది. 2021లో సెప్సిస్‌తో చనిపోయిన 13 ఏళ్ల మార్తా మిల్స్ తల్లిదండ్రుల పోరాటంతో, 2024 నుంచి ఇంగ్లండ్‌లో 'మార్తాస్ రూల్' అమలు మొదలైంది. దీని ప్రకారం కుటుంబసభ్యులే వేరే వైద్య బృందం వచ్చి చూడాలని కోరవచ్చు. పేషెంట్‌ను చేర్చిన రోజే ఆ ఫోన్ నంబర్ అడిగి రాసుకోండి. డాక్టర్‌కు ఎదురు చెప్పకూడదనే మన అలవాటు అక్కడ పనికిరాదు.