ఇటలీ వారి పప్పన్నం

ఇటలీ వంట అనగానే మన పిల్లలకు మీగడా, చీజూ ఓడుతూ వుండే హోటలు పాస్తా గుర్తుకొస్తుంది. ఆ దేశంలో సామాన్య సంసారులు రోజూ అలాంటిదే వండుకుంటారనుకుంటే పొరపాటు. తరతరాలుగా అక్కడి రైతుల, కూలివాళ్ళ కడుపు నింపినది "పాస్తా ఎ ఫజోలి" అనే చిక్కటి సూపు. మాటకు అర్థం "పాస్తా, చిక్కుడు గింజలూ" అనే. మనకు పప్పూ అన్నం ఎలాంటివో వారికి ఇది అలాంటిది.

గింజలకు అక్కడ "పేదవాడి మాంసం" అని పేరు. మాంసం కొనలేని ఇంట్లో బలమిచ్చేవి అవే మరి. గోధుమ మాంసకృత్తుల్లో లైసీన్ అనే అంశం తక్కువ. గింజల్లో అది పుష్కలం. గింజల్లో తక్కువైన మెథియొనీన్ లోటును గోధుమ పూడుస్తుంది. ఈ లెక్కలేమీ తెలియకపోయినా ఆ ఇల్లాళ్ళు రెంటినీ ఒకే కుండలో వేశారు.

ఇది వట్టి రుచి సంగతి కాదు సుమండీ! 18, 19 శతాబ్దాలలో ఉత్తర ఇటలీ పల్లెల్లో మొక్కజొన్న సంకటి తప్ప మరొకటి దొరకని జనం పెలాగ్రా జబ్బుతో బాధపడ్డారు. చర్మం పగిలి, మతి చెడి, చివరకు ఎందరికో ప్రాణం మీదికి వచ్చేది. పెలాగ్రా అన్నది ఇటలీ మాటే. గరుకు చర్మం అని అర్థం. నయాసిన్ అనే విటమిన్ చాలకపోవటమే దీనికి మూలమని 20వ శతాబ్దంలో గాని తేలలేదు. ఒక్క ధాన్యాన్నే నమ్ముకున్న కంచానికీ, దానికి పప్పు తోడైన కంచానికీ అంత తేడా వుంది.

ఇప్పుడు ఈ సూపులో వేసే గింజలు అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో వచ్చినవి. అంతకు ముందు ఇటలీ వారు తిన్నవి మన అలసందలే. అనిబాలె కరాచీ అనే చిత్రకారుడు 1580ల్లో "చిక్కుడు గింజలు తినేవాడు" అనే బొమ్మ వేశాడు. అది రోములో కొలోన్నా వారి భవనంలో వుంది. ఒక పల్లెటూరి మనిషి నోటి దాకా తెచ్చిన చెంచాతో మనకేసి చూస్తూ వుంటాడు. గిన్నెలో వున్నవి నల్లకన్ను గింజలు, అచ్చం అలసందలే! కనుక ఈ సూపును మనం అలసందలతో చేసుకున్నా అనాచారమేమీ కాదు.

ఇక వంటలోకి వద్దాం. నలుగురికి 200 గ్రాముల గింజలు కావాలి. ఇటలీ వారు బొర్లోత్తి అనే చారల గింజలు వాడతారు. నేను మన బజారులో దొరికే చిత్రా రాజ్మా వాడతాను. ముందు రాత్రే ఏరి, కడిగి, నిండా నీళ్ళు పోసి నానబెట్టండి. తెల్లవారి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో పొయ్యి మీద పెట్టండి. కనీసం పది నిమిషాలు తెర్ల కాగనిచ్చి, ఆ తరువాతే మంట తగ్గించాలి. రాజ్మా జాతి పచ్చి గింజల్లో ఒక విషపదార్థం వుంది. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు. సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచినంత మాత్రాన అది పోదు. ప్రెషర్ కుక్కరయితే ఈ భయం లేదు. గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలగాలి.

వేరే గిన్నెలో మూడు చెంచాల ఆలివ్ నూనె వేసి, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక సెలెరీ కాడ సన్నగా తరిగి, చిన్న మంట మీద పావుగంట మగ్గనివ్వండి. ఎర్రగా వేగనివ్వకూడదు. చివరలో రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు టొమాటోలు వెయ్యండి. టొమాటోను గింజలతోపాటు మొదటే ఉడకబెట్టకండి. ఆ పులుపుకు గింజ తొక్క మెత్తబడదు.

అసలు కిటుకు ఇక్కడే వుంది. ఉడికిన గింజల్లో మూడోవంతు తీసి పప్పుగుత్తితో మెదిపి, మిగతా గింజలతో, ఉడికిన నీళ్ళతో సహా మగ్గిన కూరలో కలపండి. ఈ సూపుకు చిక్కదనం ఇచ్చేది మీగడా కాదు, మైదా కాదు, గింజే. ఉప్పు వేసి, కాగగానే 120 గ్రాముల చిన్న గొట్టాల పాస్తా అందులోనే వేసి ఉడికించండి. వేరే నీళ్ళలో ఉడికించి వారిస్తే దాని గంజి కాస్తా వృథా. నేపుల్స్‌లో రకరకాల పాస్తా ముక్కలన్నీ కలిపి వేస్తారు. పొట్లాల అడుగున మిగిలిన విరుగుళ్ళకు అంతకంటె సద్వినియోగం లేదు. అడుగంటకుండా కలుపుతూ వుండాలి.

దించి పది నిమిషాలు మూతపెట్టి, మిరియాల పొడి చల్లి, పచ్చి ఆలివ్ నూనె ఒక చెంచా పోసి వడ్డించండి. అక్కడ పంది మాంసపు ముక్కా, పర్మేజాన్ చీజ్ పైచెక్కా వేసే ఇళ్ళూ వున్నాయి, వెయ్యనివీ వున్నాయి. శాకాహారులు ఒక సంగతి గమనించాలి: అసలైన పర్మేజాన్‌ను దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. అది లేకపోయినా సూపు రుచికి లోటేమీ రాదు.

పాస్తా వేసిన సూపు నిలవ వుంటే రసమంతా పీల్చుకొని ముద్దయిపోతుంది. అందుచేత రెండు పూటలకు సరిపడా గింజల సూపు చేసి చల్లని పెట్టెలో పెట్టుకోండి. పాస్తా మాత్రం ఏ పూటకాపూట వేసుకోండి. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లలకు ఇరవై నిమిషాల్లో వేడివేడిగా పెట్టవచ్చు.