మెగాహెర్ట్జ్ చూసి మోసపోవద్దు

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. అదే ఏడాది అమెరికాలో కమోడోర్ 64 వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు బ్రిటన్ బడిపిల్లలు ఈ రెండింటి పేరుతో వర్గాలుగా చీలి వాదులాడుకున్నారు. స్పెక్ట్రమ్ వర్గం చేతిలో తిరుగులేని అంకె ఒకటి ఉండేది. వాళ్ల జెడ్80 ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. కమోడోర్‌లోని 6510 వేగం బ్రిటన్‌లో ఒక మెగాహెర్ట్జ్ కూడా నిండదు. మూడున్నర రెట్ల తేడా! వాదన అక్కడితో తెగిపోవాలి. తెగలేదు, తెగకపోవడమే న్యాయం.

మెమరీలోంచి ఒక బైటు తెచ్చుకునే పనినే తీసుకుందాం. దానికి జెడ్80కి 13 క్లాక్ టిక్కులు పడతాయి, 6510కి నాలుగు చాలు. టిక్కుల్ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే జెడ్80కి 3.7 మైక్రోసెకన్లు, 6510కి దాదాపు 4. మూడున్నర రెట్ల ఆధిక్యం ఈ ఒక్క లెక్కతో కరిగిపోయింది. వేసిన అడుగులు లెక్కపెట్టి ఎవరెంత దూరం నడిచారో చెప్పలేం, ఒక్కో అడుగు ఎంత పొడవో కూడా తెలియాలి.

అలాగని రెండూ సమానమనీ అనలేం. రెండు 16 బిట్ల సంఖ్యల్ని కూడమంటే జెడ్80 తన రిజిస్టర్లలోనే 11 టిక్కుల్లో, అంటే మూడు మైక్రోసెకన్లలో తేల్చేస్తుంది. 6510 ఒక్కో బైటునూ తెచ్చి, కూడి, మళ్లీ మెమరీలో పెట్టేసరికి 20 మైక్రోసెకన్లు గడిచిపోతాయి. అంటే ఆరు రెట్లకు పైగా తేడా. పని మారగానే ఫలితం మారిపోయింది.

ఇక తెర సంగతి. స్పెక్ట్రమ్ తెరకు 6,912 బైట్లు. జెడ్80 దగ్గరున్న బ్లాక్ కాపీ ఆదేశంతో ఆ మొత్తాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడానికి 41 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు టీవీ రెండు ఫ్రేములు గీసేస్తుంది. ఆటలో బొమ్మ కదలాలన్నా, స్పీకర్ మోగాలన్నా ఆ ప్రాసెసరే స్వయంగా చేయాలి. కమోడోర్‌లో ఆ చాకిరీకి వేరే చిప్పులున్నాయి. విక్-2 ఎనిమిది స్ప్రైట్లను, అంటే కదిలే బొమ్మలను, తానే గీస్తుంది, సిడ్ సంగీతం చూసుకుంటుంది. బొమ్మను జరపాలంటే ప్రాసెసర్ దాని స్థానం అంకె మారిస్తే చాలు. అందుకే వేగంగా బొమ్మలు పరిగెత్తే ఆటల్లో కమోడోర్‌ది పైచేయి. గణితం మీద నడిచే త్రీడీ ఆటల్లో స్పెక్ట్రమ్ ముందుండేది.

ఆ రోజుల్లో ఈ గందరగోళాన్ని ఛేదించే మంచి పద్ధతి ఒకటి పత్రికల దగ్గర ఉండేది. బ్రిటన్‌లోని పర్సనల్ కంప్యూటర్ వరల్డ్ ప్రతి కొత్త కంప్యూటర్ మీదా బేసిక్ భాషలో రాసిన అవే ఎనిమిది చిన్న ప్రోగ్రాములు నడిపి, ఎన్ని సెకన్లు పట్టిందో అచ్చువేసేది. అందులో 2 మెగాహెర్ట్జ్ బీబీసీ మైక్రో కంప్యూటర్ 3.5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను చాలా వెనక్కి నెట్టింది. దాని కోసం సోఫీ విల్సన్ రాసిన బేసిక్ అంత చురుకైనది కావడం ఒక కారణం. తెర కోసం ప్రాసెసర్‌ను ఆగమనకుండా మెమరీని అల్లిన తీరు మరో కారణం. 1984లో మన దేశంలోని బడుల్లో మొదలైన క్లాస్ పథకం కింద పిల్లలు తాకిన కంప్యూటర్ ఈ బీబీసీ మైక్రోనే. తర్వాత అదే విల్సన్, స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆర్మ్ ప్రాసెసర్‌కు రూపమిచ్చారు. ఈనాటి మన ఫోన్లలో ఉన్నది ఆ వంశమే.

నలభై ఏళ్లు దాటినా అంకెల మాయ మాత్రం తగ్గలేదు. ఇంజనీరింగ్ అడ్మిషన్ల కాలం రాగానే హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో తల్లిదండ్రులకు చూపించేది ఐ7 స్టిక్కరూ గిగాహెర్ట్జూనే. 2016 నాటి ఇంటెల్ ఐ7-7500యూ బేస్ వేగం 2.7 గిగాహెర్ట్జ్. మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూది 1.6 మాత్రమే. పేరులోనూ అంకెలోనూ పాతదే గొప్పగా కనిపిస్తుంది. కానీ పాతదానికి రెండు కోర్లు, కొత్తదానికి నాలుగు. పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయాలన్నా, వీడియో ఎడిట్ చేయాలన్నా ఐ5దే గెలుపు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పైగా అదే చిప్పు పలుచటి ల్యాప్‌టాప్‌లో వేడెక్కి నెమ్మదిస్తుంది, మంచి ఫ్యాను ఉన్న ల్యాప్‌టాప్‌లో నిలకడగా పనిచేస్తుంది. ఆ తేడా ఏ స్టిక్కరూ చెప్పదు.

దుకాణదారు ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు ధర చీటీ మీదే రాయాలి. కంపెనీలు తమ ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఒకే రకం పనుల మీద పరీక్ష పెట్టాలి. ఒక ప్రాజెక్టు కంపైల్ కావడానికి, ఒక వీడియో సిద్ధం కావడానికి పట్టిన సమయాన్ని, ఆ పని అరగంట ఆగకుండా నడిచాక ఎంత నెమ్మదించిందో సహా పెట్టె మీద ముద్రించాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని తప్పనిసరి చేయాలి. ఫ్రిజ్‌లకూ ఏసీలకూ నక్షత్రాల లేబుల్ అతికించిన దేశంలో ఇది కష్టమైన పనేమీ కాదు.